ఊడొచ్చే బ్యాటరీ, అతికించిన బ్యాటరీ: ఒకే ఇంటి రెండు ఫోన్ల కేసు

చెన్నై పెరంబూరులో ఉండే ఒక నెల్లూరు కుటుంబం నుంచి మే నెల రెండో వారంలో రెండు ఫోన్లు ఒకేసారి రిపేరుకొచ్చాయి. ఒకటి పెద్దకొడుకుది. డెలివరీ పని, ఫోను రోజుకు పది గంటలు బండి హ్యాండిల్ మీదే ఉంటుంది. 2022లో కొన్నది, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ లోపల అతికించి ఉంది. రెండోది వాళ్లమ్మది, 2015లో కొన్నది. గోటితో మూత లాగితే 2600 ఎంఏహెచ్ బ్యాటరీ చేతికొస్తుంది. కొడుకు ఫిర్యాదు: "వెనక మూత లేస్తా ఉందన్నా, వానొస్తే నీళ్లు పోతాయేమో." అమ్మ ఫిర్యాదు: "నలబై ఉన్నట్టే ఉంటాది నాయనా, కదిలిస్తే ఆగిపోతాది."

బ్యాటరీ మనమే మార్చుకునే ఫోను మేలా, సీలు వేసింది మేలా అన్న వాదన వచ్చినప్పుడల్లా అందరూ మూత దగ్గరే ఆగిపోతారు. ఈ రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే తేలింది వేరు. సీలు వేసిన ఫోను అదే పూట బాగైంది. ముప్పై సెకన్లలో బ్యాటరీ మార్చగల ఫోనుకు 11 రోజులు పట్టింది. ఎందుకో వివరంగా రాస్తున్నాం.

మొదటి ఫోను: ఉబ్బిన 5000 ఎంఏహెచ్

విప్పకముందు కొలతలు. వెనక ప్యానెల్ ఎడమ అంచు 1.2 మి.మీ. లేచింది. బ్యాటరీ మీద రాసిన లెక్క 3.87 వోల్టులు, 5000 ఎంఏహెచ్‌తో గుణిస్తే 19.35 వాట్ అవర్లు (నిలవ ఉండే శక్తి). మూత మరీ లేవకముందు, నెల కిందట వాళ్లు వేరే పనికి వచ్చినప్పుడు ఇదే ఫోనుకు యూఎస్‌బీ మీటరుతో తీసిన రీడింగు ఉంది: స్విచాఫ్ చేసి సున్నా నుంచి నూరు దాకా ఎక్కించడానికి 15.4 వాట్ అవర్లు పట్టింది. అందులో 13 శాతం వేడికింద పోతుందనుకుంటే బ్యాటరీలోకి చేరింది 13.4. అంటే సామర్థ్యం 69 శాతం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు: మీటరులో కనబడే ఎంఏహెచ్‌ను నేరుగా బ్యాటరీ ఎంఏహెచ్‌తో పోలుస్తారు. మీటరు చార్జరు ఇచ్చే 5 లేదా 9 వోల్టుల దగ్గర లెక్కపెడుతుంది, బ్యాటరీ 3.87 దగ్గర. వాట్ అవర్లలోకి మార్చాకే పోల్చాలి. ఇక ఉబ్బిన బ్యాటరీని పరీక్ష కోసం మళ్లీ చార్జింగు పెట్టకూడదు, అందుకే పాత రీడింగుతోనే సరిపెట్టుకున్నాం.

ఉబ్బడానికి కారణం వెతకనక్కర్లేదు. నల్లటి ఫోను, ఎండలో హ్యాండిల్ మీద, స్క్రీను వెలుగు నిండుగా, జీపీఎస్ ఆగకుండా, బండికి బిగించిన చార్జరు తీగ పొద్దుట్నుంచి రాత్రిదాకా గుచ్చే ఉంటుంది. మే నెలలో చెన్నై నీడలోనే 38, 40 డిగ్రీలు. ఫోనులోని లాగ్‌లో బ్యాటరీ ఉష్ణోగ్రత మధ్యాహ్నాలు 47, 48 చూపింది. ఈ తరం బ్యాటరీ నూరు శాతం దగ్గర 4.45 వోల్టుల వద్ద ఉంటుంది. అంత వోల్టేజి, అంత వేడి కలిసి గంటలకొద్దీ నిలిస్తే లోపలి ఎలక్ట్రోలైట్ అనే ద్రావణం విరిగి వాయువులవుతుంది. బ్యాటరీ మూసిన సంచీలా ఉంటుంది, రంధ్రం లేదు కాబట్టి ఉబ్బుతుంది. చార్జింగు ఎక్కువసార్లు పెట్టినందువల్ల కాదు, నిండుగా పెట్టి ఎండబెట్టినందువల్ల. ఈ తేడా వాడేవాళ్లకు చెప్పకపోతే కొత్త బ్యాటరీ కూడా రెండేళ్లలో అదే దారి పడుతుంది.

విప్పిన క్రమం. సాధారణ ఫోనైతే హాట్‌ప్లేట్ మీద 80 డిగ్రీల దగ్గర మూడు నాలుగు నిమిషాలు పెడితే గమ్ మెత్తబడుతుంది. ఉబ్బిన బ్యాటరీ ప్యానెల్‌కు ఆనుకుని ఉంటుంది కనుక ఇక్కడ హాట్‌ప్లేట్ వద్దు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద పెట్టి అంచులకు మాత్రమే చూపించాం, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో 60 దాటకుండా. లేచిన అంచులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రిపేరు భాషలో ఐపీఏ, సిరంజితో చుక్కలు చుక్కలుగా వేశాం. ప్లాస్టిక్ కార్డు 3, 4 మి.మీ.కి మించి లోపలికి పోనివ్వలేదు. పవర్ బటన్ పక్కన ఫింగర్‌ప్రింట్ స్ట్రిప్ (పలచని తీగ పట్టీ) ఉంటుంది. కార్డు అటు లోతుగా వెళ్తే తెగేది ముందు అదే. సిమ్ ట్రే ముందే తీసేయాలి, లేదంటే ఫ్రేము వంగేటప్పుడు ట్రే పిన్నులు విరుగుతాయి.

లోపల 16 స్క్రూలు, రెండు పొడవుల్లో. పొడవు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే బోర్డు లోపలి పొరల దాకా దిగి లైన్లు తెంపుతుంది. తర్వాత ఎవరు చూసినా "బోర్డు పోయింది" అంటారు. కాగితం మీద ఫోను బొమ్మ గీసి ఏ స్క్రూ ఆ చోటే గుచ్చి పెట్టడం ఇప్పటికీ అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

మొదట ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టర్, ప్లాస్టిక్ పుల్లతో. మిగతా ఏ స్ట్రిప్ అయినా దాని తర్వాతే. కరెంటు ఉండగా డిస్‌ప్లే స్ట్రిప్ లాగితే బ్యాక్‌లైట్ లైను కాలిపోయే ప్రమాదం ఉంది. మెయిన్ బోర్డు నుంచి చార్జింగ్ బోర్డుకు వెళ్లే వెడల్పాటి స్ట్రిప్ బ్యాటరీ మీదుగా పోతుంది, దాన్ని విప్పి పక్కకు మడిచాం.

తర్వాతి అడుగులోనే ఈ కేసు మొత్తంలో ప్రాణం మీదికి వచ్చేది ఉంది. బ్యాటరీ కింద పుల్ టేపు ఉంటుంది, కొస పట్టుకుని మెల్లగా సాగదీస్తే రావాలి. ఉబ్బిన బ్యాటరీ ఒత్తిడంతా టేపు మీద పడటం వల్ల ఎడమవైపుది సగంలో తెగింది. ఇలాంటప్పుడు ట్వీజరుతోనో స్టీలు పట్టీతోనో కింద గుచ్చి లేపే అలవాటు మానాలి. సంచీ పొర చాలా పలచన. మడత పడినా, గీరుకున్నా లోపల ప్లస్సూ మైనస్సూ కలిసి నిప్పంటుకోవచ్చు. చేసింది ఇది: ఫోనును ఏటవాలుగా నిలబెట్టి బ్యాటరీ పక్కగా ఒక మిల్లీలీటరు ఐపీఏ వదిలి మూడు నిమిషాలు ఆగాం. నైలాన్ దారం కిందికి దూర్చి రంపంలా అటూ ఇటూ లాగాం. ఆరు నిమిషాలకు వదిలింది. వెర్నియర్ కొలబద్దతో చూస్తే బ్యాటరీ మందం మధ్యలో 7.1 మి.మీ.; కొత్తదానిది 5.0. తీసిన వెంటనే టెర్మినళ్లకు వేడిని తట్టుకునే కాప్టన్ టేపు చుట్టి, పొడి ఇసుక ఉన్న రేకు డబ్బాలో పెట్టాం. ఇసుక డబ్బా లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. గాలి పోతుందని సూదితో పొడిచే వాళ్లున్నారు. దయచేసి ఎవరూ చేయకండి.

కొత్త బ్యాటరీ సర్వీస్ విడిభాగంగా అదే రోజు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికింది, 1,650 రూపాయలు. పెట్టేముందు నాలుగు చూశాం. బరువు 68 గ్రాములు. 19.35 వాట్ అవర్లను ఆ బరువుతో భాగిస్తే కిలోకు 285 వాట్ అవర్ల దాకా వస్తుంది, మంచి సంచీ బ్యాటరీకి నమ్మదగిన అంకె. వోల్టేజి 3.84, నిల్వ బ్యాటరీ 3.7 నుంచి 3.9 మధ్య ఉండాలి. తయారీ తేదీ ఏడు నెలల కిందటిది. లేబుల్ మీద ఐఎస్ 16046 (బ్యాటరీ భద్రతకు భారత ప్రమాణం) ముద్ర, ఆర్ నంబరు (రిజిస్ట్రేషన్ నంబరు) ఉన్నాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి ఏ తయారీదారుదో సరిచూసుకోవచ్చు.

అతికించకముందే కనెక్టర్ తగిలించి ఆన్ చేసి, ఫాస్ట్ చార్జింగు 9 వోల్టుల వద్ద 1.8 ఆంపియర్లు తీసుకుంటోందని చూశాం. బ్యాటరీ గుంతను బ్రష్షుతో శుభ్రం చేయడం చిన్న పనిలా కనిపిస్తుంది. అక్కడ ఒక్క ఇసుక రేణువో చిన్న స్క్రూనో ఉండిపోతే నెలల తర్వాత సంచీని పొడుస్తుంది. అతికించడానికి 0.15 మి.మీ. పుల్ టేపులు రెండు. ఫోన్లకు వాడే బీ-7000 గమ్ బ్యాటరీ కింద వేయకూడదు: తర్వాత తీసేవాడికి దారం కూడా దూరదు. వెనక ప్యానెల్‌కు ఆ మోడల్‌కు కోసిన టేపు, క్లాంపులతో అరగంట ఒత్తిడి. మొత్తం పని 55 నిమిషాలు. కూలి, టేపులు 450. అంతా కలిపి 2,100.

వాన గురించి అతను అడిగిన ప్రశ్నకు జవాబు సూటిగా చెప్పాం: ఫ్యాక్టరీ సీలు పోయింది, మళ్లీ వేసిన టేపు తుంపర్లకు సరిపోతుంది, మునకకు కాదు. వానలో కవరు వేసుకోవాల్సిందే.

రెండో ఫోను: ముప్పై సెకన్ల పని, 11 రోజుల వెతుకులాట

మూత తీసి బ్యాటరీని గాజు బల్ల మీద పెట్టి వేలితో తిప్పితే బొంగరంలా తిరిగింది. బల్లపరుపుగా ఉన్న బ్యాటరీ అలా తిరగదు. పొట్ట వచ్చిందే తిరుగుతుంది. పరికరాలేవీ లేకుండా ఇంట్లోనే ఎవరైనా చేసుకోగల పరీక్ష ఇది. ఊడొచ్చే బ్యాటరీ వల్ల నిజంగా కలిగే లాభాల్లో దీన్ని ముందు చెప్పాలి: జబ్బు కంటికి కనబడుతుంది. సీలు వేసిన ఫోనులో మూత లేచేదాకా ఎవరికీ తెలియదు.

ఇంట్లోనే నిండా చార్జ్ చేసి తెచ్చారు కాబట్టి మళ్లీ ఎక్కించకుండా, 520 మిల్లీఆంపియర్లతో 3.0 వోల్టుల దాకా ఖాళీ చేస్తే 1,310 ఎంఏహెచ్ వచ్చింది, సగమే. అంతర్గత నిరోధం 310 మిల్లీఓమ్‌లు. మంచిదైతే వంద లోపు ఉండాలి. నలభై శాతం దగ్గర ఆగిపోవడానికి కారణం ఈ రెండో అంకే. ఆ స్థాయిలో బ్యాటరీ 3.75 వోల్టులు. కెమెరా తెరిచినా, కాల్ వచ్చినా ఫోను ఒక్క క్షణం 2 ఆంపియర్లు లాగుతుంది. 0.31 ఓమ్‌ల మీద 0.62 వోల్టులు పడిపోయి 3.13 మిగులుతుంది. ఫోను బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. శాతం చూపే లెక్క తప్పు కాదు, బ్యాటరీ గొంతు పూడుకుపోయింది.

కదిలిస్తే ఆగడం వేరే జబ్బు, అది ఈ రకం ఫోన్లకే ఉంటుంది. బ్యాటరీని తాకే స్ప్రింగు పిన్నులు ఉప్పుగాలికి నల్లబడ్డాయి. ఒక ఆంపియర్ పారుతుండగా బ్యాటరీ టెర్మినల్‌కూ బోర్డుకూ మధ్య 140 మిల్లీవోల్టులు పోతున్నాయి. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, 99 శాతం ఐపీఏ తడిపిన దూదిపుల్లతో తుడిచి, పిన్నులను ట్వీజరుతో ఇసుమంత ఎత్తాక 25కు దిగింది. కాగితం మడిచి బ్యాటరీ పక్కన దోపే పాత చిట్కా కొన్నాళ్లు పనిచేస్తుంది కానీ మురికి అలాగే ఉండి పిన్నులు వేడెక్కుతాయి.

ఇక కొత్త బ్యాటరీ. కంపెనీ ఈ మోడల్ విడిభాగాలు ఎప్పుడో ఆపేసింది. బజారులో మూడు తెచ్చి చూశాం.

మొదటిది: లేబుల్ మీద 3200 ఎంఏహెచ్, అసలు బ్యాటరీ కంటే ఎక్కువ! బరువు 31 గ్రాములు. గట్టి ప్లాస్టిక్ కవచంతో సహా ఆ బరువులో 12 వాట్ అవర్లు అంటే కిలోకు 390. ఇలాంటి బ్యాటరీలో అది జరిగే పని కాదు. దించి చూస్తే 1,640. రెండోది: లేబుల్ 2600, బరువు 37, వోల్టేజి 2.4. ఏళ్లుగా అల్మారాలో పడి ఉండి లోతుగా దిగిపోయింది. 2.5 కిందికి దిగి చాలాకాలం ఉన్న బ్యాటరీలో లోపలి రాగి రేకు కరిగి మళ్లీ చార్జ్ చేసినప్పుడు ముళ్లలా పేరుకోవచ్చు, షార్ట్‌కు దారి. చార్జింగు పెట్టకుండానే వెనక్కిచ్చేశాం. మూడోది పదకొండో రోజున దొరికింది: 38 గ్రాములు, 3.81 వోల్టులు, దించితే 2,380. ధర 700, శుభ్రం చేసినందుకు 150.

"రెండు కొని ఒకటి దాచుకుంటే?" అని అమ్మ అడిగింది. మామూలుగా మంచి ఆలోచనే, బ్యాటరీ విషయంలో మాత్రం కాదు. వాడకపోయినా వయసు మీదపడుతుంది, చెన్నై వేడిలో ఇంకా త్వరగా. దాచాల్సే వస్తే సగం చార్జితో, ఇంట్లో చల్లని చోట, మూడు నెలలకోసారి చూసుకుంటూ దాచాలి. ఈ ఇంట్లో యూనివర్సల్ చార్జరు కూడా ఒకటి ఉంది. అది బ్యాటరీ మూడో పిన్ను చూడదు, అంటే వేడి ఎంతుందో దానికి తెలియదు. పొట్ట వచ్చిన బ్యాటరీనీ మంచిదానినీ ఒకేలా నింపుతుంది. దాన్ని పక్కన పెట్టించాం.

మూత దాటి చూస్తే

వినియోగదారుడే మార్చుకునే బ్యాటరీకి అసలు విలువ ఆపదలో తెలుస్తుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు వేళచ్చేరి, పళ్లికరణై ప్రాంతాలు మునిగినప్పటిలాంటి పరిస్థితుల్లో నీళ్లలో పడ్డ ఫోను బ్యాటరీ వెంటనే పీకేయగలిగితే బోర్డు మీద వోల్టేజి ఉండదు, తుప్పు వేగం బాగా తగ్గుతుంది. సీలు వేసిన ఫోను ఆఫ్ చేసినా కొన్ని లైన్లలో వోల్టేజి ఉంటూనే ఉంటుంది. ఉప్పునీటిలో బోర్డు మీది రాగి గీతలను తుప్పు గంటల్లో తినేస్తుంది. కరెంటు లేని రోజులకు మాత్రం పవర్ బ్యాంకే చాలు, దానికోసం ఊడొచ్చే బ్యాటరీ అక్కర్లేదు.

లోపం బయటపడినప్పుడు తేడా ఇంకా పెద్దది. 2007 ఆగస్టులో నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో సుమారు 4.6 కోట్లకు హెచ్చరిక ఇచ్చింది. జనం బ్యాటరీ నంబరు చూసుకుని అది ఒక్కటే మార్చుకున్నారు, ఫోను చేతిలోనే ఉంది. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు అంటుకున్నప్పుడు అవి లోపల అతికించి ఉన్నాయి. ఫోన్లకు ఫోన్లే వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, మార్చి ఇచ్చినవీ అంటుకోవడంతో మోడలే ఆపేశారు.

"నీళ్లు పోకూడదంటే సీలు తప్పదు" అన్న మాట పూర్తిగా నిజం కాదు. 2014 నాటి గెలాక్సీ ఎస్5కి మూత ఊడేది, ఐపీ67 (దుమ్ము, నీటి నుంచి రక్షణ చెప్పే రేటింగు) కూడా ఉండేది. 2024లో మన దేశంలోనూ వచ్చిన గెలాక్సీ ఎక్స్‌కవర్ 7కి ఐపీ68, ఊడొచ్చే 4050 ఎంఏహెచ్. కాకపోతే మూత చుట్టూ ఉన్న రబ్బరు అంచులో వెంట్రుకో ఇసుకో ఇరుక్కుంటే ఆ రక్షణ పోయినట్టే, ఆ బాధ్యత వాడేవాడిది. పైగా మందం: ఆ ఫోను 10.2 మి.మీ., 240 గ్రాములు. జేబులో పడేసినా ప్రమాదం లేకుండా బ్యాటరీకి గట్టి కవచం కావాలి, దానికో గోడ, మూతకో గోడ.

చార్జింగు వేగమే అసలు అడ్డంకి, దాన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. స్ప్రింగు పిన్ను నిరోధం బాగున్నప్పుడే పాతిక, ముప్పై మిల్లీఓమ్‌లు. 6 ఆంపియర్లు పారితే ఒక్కో పిన్ను దగ్గర ఒక వాట్ వేడి పుడుతుంది. అమ్మ ఫోనులోలా 140కి చేరితే అయిదు వాట్లు, ప్లాస్టిక్ కరుగుతుంది. అతికించిన బ్యాటరీ స్ట్రిప్ కనెక్టర్‌లో నిరోధం చాలా తక్కువ. ఎక్స్‌కవర్ 7 చార్జింగు కూడా 15 వాట్ల దగ్గరే ఉంది. అరగంటలో నిండాలనే వాళ్లకు ఊడొచ్చే బ్యాటరీ ప్రస్తుతానికి నప్పదు.

మా దృష్టిలో నడిమార్గమే మేలు: మూత స్క్రూలతో, బ్యాటరీ పుల్ టేపుతో, కనెక్టర్ ఒక్కటి. పది నిమిషాల పని. దాంతోపాటు, అంతకంటే ముఖ్యంగా, విడిభాగం దొరకాలి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నియమం ప్రకారం మోడల్ అమ్మకం ఆగాక కూడా 7 ఏళ్లు విడిభాగాలు ఇవ్వాలి. 2027 ఫిబ్రవరి 18 నుంచి బ్యాటరీని వాడేవాళ్లే మామూలు పనిముట్లతో తీయగలగాలన్న నియమం వస్తోంది. 1000 సైకిళ్ల (పూర్తి చార్జింగుల) తర్వాత సామర్థ్యం 80 శాతం నిలబడి, నీటిలో మునిగినా తట్టుకునే ఫోన్లకు మాత్రం నిపుణుడి చేత మార్పించే వెసులుబాటు ఉంది. ఈ రెండింటిలో అమ్మ ఫోనులాంటి వాటిని ఇలాంటి తిప్పల నుంచి కాపాడగలిగేది మొదటిదే. మన దేశంలో 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాత బ్యాటరీ సేకరణను తయారీదారు బాధ్యత చేశాయి. ఇసుక డబ్బాలో ఉన్న ఆ రెండు బ్యాటరీలూ అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికే వెళ్లాయి, చెత్తబుట్టకు కాదు.

మూడు నెలల తర్వాత

ఆగస్టులో రెండు ఫోన్లూ మళ్లీ కొలిచాం. అబ్బాయి ఫోనులో చార్జింగు 80 శాతం దగ్గర ఆగేలా పెట్టించాం, బండి చార్జరు మధ్యాహ్నం పూట తీసేయమన్నాం, హోల్డరు మీద చిన్న నీడరేకు బిగించుకున్నాడు. బ్యాటరీ గరిష్ఠ ఉష్ణోగ్రత 41. పరీక్ష కోసం ఒక్కసారి నూరుదాకా నింపితే మీటరులో 22.0 వాట్ అవర్లు, అంటే 99 శాతం సామర్థ్యం. అమ్మ ఫోను కదిలించినా ఆగడం లేదు. పిన్నుల దగ్గర 25 మిల్లీవోల్టులు 40 అయ్యాయి, మళ్లీ తుడిచాం. ఆ పని ఎలా చేయాలో ఆమెకు చూపించి రబ్బరు ముక్క ఇచ్చాం, ఇకపై ఆర్నెల్లకోసారి ఇంట్లోనే చేసుకుంటారు.

అబ్బాయి ఫోనులో పుల్ టేపు కొసలు రెండూ 8 మి.మీ. బయటికి ఉండేలా వదిలి, చార్జింగ్ బోర్డు వైపు మడిచి పెట్టాం. మూత లోపలివైపు బ్యాటరీ మార్చిన తేదీ, స్క్రూల క్రమం రాసిన చిన్న కాగితం అతికించి ఉంది. తర్వాత ఎవరు తెరిచినా దారం అవసరం పడదు.